చెరువు తవ్వకంలో దొరికింది సముద్రపు తేలేనా? మన తేళ్ళకీ వాటికీ బంధుత్వం ఏమిటి?

నమస్కారం అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇది: కాట్రేనికోన దగ్గర రొయ్యల చెరువు లోతు చేయిస్తుంటే పొక్లెయిన్ బకెట్‌లో గట్టిపడిన మట్టిముద్ద ఒకటి పైకి వచ్చింది. అందులో రెండు డెక్కలు, ఓ పక్కన తెడ్డులాంటి కాలు కనిపిస్తున్నాయి. ఏడో తరగతి చదువుతున్న మీ బాబు దాన్ని చూసి "ఇది సముద్రపు తేలు, ఒకప్పుడు మనిషి కంటే పెద్దవి ఉండేవి" అంటున్నాడు. అది నిజమేనా, ఇంటి వెనక కొబ్బరి డొక్కల గుట్టలో దొరికే తేళ్ళు వాటి సంతానమేనా, వాటికీ విషం ఉండేదా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ ముద్దలో ఉన్నది మండపీత. సముద్రపు తేళ్ళు నిజంగానే ఉండేవి, కొన్ని మనిషి కంటే పొడుగు, ఆ మాట బాబు సరిగ్గానే చెప్పాడు. కానీ అవి పూర్తిగా అంతరించి 25 కోట్ల ఏళ్ళు దాటింది. మన తేళ్ళు వాటి సంతానం కాదు. తాతా మనవళ్ళ వరస కాదు, దాయాదుల వరస. వాటికి విషం ఉండేదనడానికి ఇంతవరకూ ఆధారం దొరకలేదు.

నేను కోనసీమలోనే డిగ్రీ కాలేజీలో 31 ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. తేళ్ళంటే మొదట్నుంచీ ఇష్టం. ఇప్పటికీ వేసవి రాత్రుళ్ళు యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి పట్టుకుని కొబ్బరితోటల్లో తిరుగుతుంటాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. వీలైతే బాబుని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ముందు మీరు పెట్టిన మట్టిముద్ద ఫోటో సంగతి. బాబుని పొరపాటు పట్టించింది ఆ తెడ్డు కాలు. అతన్ని తప్పు పట్టలేను, ఎందుకంటే సముద్రపు తేళ్ళకి కూడా చాలావాటికి చివరి జత కాళ్ళు తెడ్లలాగే ఉండేవి. శాస్త్రంలో వాటి పేరు యూరిప్టెరిడ్‌లు. గ్రీకులో ఆ మాటకి వెడల్పు రెక్కలవి అని అర్థం. ఆ తెడ్లని చూసే ఆ పేరు పెట్టారు. మీ బజార్లో మండపీతని ఈసారి కొన్నప్పుడు తాడు విప్పకుండానే వెనక కాళ్ళు చూడండి. మిగతా కాళ్ళు మొనదేలి ఉంటాయి, చివరి జత మాత్రం చదునుగా, కొస గుండ్రంగా, అంచున సన్నటి నూగుతో ఉంటుంది. ఈదడానికి అది తెడ్డు. నీళ్ళలో కాలు కొట్టి ఈదాలంటే ఏ జంతువుకైనా ఆ ఆకారమే పనికొస్తుంది. అందుకే దగ్గరి బంధుత్వం లేకపోయినా ఇద్దరికీ ఒకే పనిముట్టు వచ్చింది.

మరి పీతే అని ఎలా అంటున్నానంటే, ఫోటోలో కుడిపక్క కంటి గుంట నుంచి డిప్ప అంచు వెంబడి రంపపు పళ్ళలాగా వరసగా ముళ్ళున్నాయి. లెక్కపెడితే 9 వచ్చాయి. మండపీతకి రెండు పక్కలా తొమ్మిదేసి ఉంటాయి. పైగా డిప్ప పొడుగు కంటే వెడల్పు ఎక్కువ. సముద్రపు తేలు అలా ఉండదు. తల మీద చిన్న కవచం, దాని వెనక తేలుకి ఉన్నట్టే కణుపు కణుపులుగా పొడుగాటి ఒళ్ళు, చివర తోక ముల్లు ఉంటాయి. మీ ముద్దలో డిప్ప అయిపోయాక వెనకాల ఏమీ లేదు. పీతకి ఆ వెనక భాగం కడుపు కిందికి మడత పడి ఉంటుంది కాబట్టి పైనుంచి కనపడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. తేలు, పీత, సముద్రపు తేలు మూడింటికీ డెక్కలు ఉన్నాయి కదా అని అందరూ ఒకే గాటన కట్టేస్తారు. డెక్క ఉందా లేదా అని కాదు, ఆ డెక్క ఎన్నో జత అవయవం అని చూడాలి. నా క్లాసుల్లో ఏటా ఈ ఒక్క సంగతి చెప్పడానికే గంట పట్టేది, అయినా ఎప్పుడూ విసుగనిపించలేదు.

ఓ చచ్చిన మండ్రగబ్బని, అంటే పెద్ద నల్ల తేలుని, స్పిరిట్‌లో వేసి ఉంచుకున్నాను. దాన్ని తెల్ల పళ్ళెంలో పెట్టి చేతి లెన్సుతో నోటి దగ్గర చూస్తే, బియ్యపు గింజంత చిన్న కొక్కేలు రెండు కనిపిస్తాయి. వాటికీ కొసన బుల్లి డెక్క ఉంటుంది. అదే మొదటి జత. తేలు కీచురాయిని పట్టుకున్నప్పుడు ఆ కొక్కేలతోనే ముక్కలు తుంచుతుంది, ఒకటి లాగుతుంటే ఇంకోటి పట్టుకుని ఉంటుంది. మనం భయపడే పెద్ద డెక్కలు రెండో జత. ఆ తర్వాత నాలుగు జతల నడక కాళ్ళు. మొత్తం ఆరు జతలు.

సముద్రపు తేలుకీ ఆరు జతలే. అయితే భారీ డెక్కలున్న జాతుల్లో ఆ డెక్కలు మొదటి జతవి. అంటే మండ్రగబ్బకి నోట్లో బియ్యపు గింజంత ఉన్న కొక్కెం ఉంది చూడండి, అదే బారెడు సాగి, కొసన పళ్ళతో వేటకి పనికొచ్చే ఆయుధం అయింది. రెండో జత వాటిలో మామూలు కాలుగానే మిగిలింది, ఆరో జత తెడ్డు అయింది. చూడ్డానికి ఒకేలా ఉన్నా రెండు కొంపల్లో రెండు వేరువేరు పనిముట్లు అవి.

పీత సంగతి ఇంకా దూరం. పీతకీ రొయ్యకీ మీసాలు ఉంటాయి. రొయ్యకి లేవా బారెడు మీసాలు అని మనవాళ్ళ సామెత కూడా ఉంది కదా. తేలుకి మీసం ఉండదు, సాలీడుకి ఉండదు, సముద్రపు తేలుకీ లేదు. మీసాలు లేకుండా నోటి ముందు కొక్కేల జత ఉండటమే ఆ వంశం గుర్తు. కాబట్టి ఉప్పునీళ్ళలో ఉంటుంది కదా అని సముద్రపు తేలుని పీత పక్కన పెట్టకూడదు, సాలీడు, తేలు వైపే కూర్చోబెట్టాలి.

ఆ వంశంలో నీళ్ళలో ఇంకా బతికున్నది ఒకటుంది, గుర్రపునాడా పీత. పేరుకి పీతే గానీ అది పీత కాదు. ఒడిశాలో బాలాసోర్ తీరాన స్టూడెంట్లతో వెళ్ళినప్పుడు ఒకదాన్ని వెల్లకిలా తిప్పి చూపించాను. కడుపు కింద పల్చటి రేకుల దొంతరలు, అచ్చం పుస్తకం పేజీల్లాగా, ఒకదాని మీద ఒకటి లేచి పడుతున్నాయి. అవి మొప్పలు. ఒకమ్మాయి వేలితో నెమ్మదిగా ముట్టుకుని "సార్, తడి కాయితాల్లా ఉన్నాయి" అంది. చూశాక వెంటనే తిప్పి నీళ్ళలో వదిలేశాం. మండ్రగబ్బ పొట్ట మీద చూస్తే రెండు వరసల్లో నాలుగేసి సన్నటి చీలికలు ఉంటాయి. లోపల అదే పేజీల అమరిక, కాకపోతే గాలి పీల్చుకునే తిత్తిలో దాక్కుని ఉంటుంది. దాన్ని పుస్తకపు ఊపిరితిత్తి అంటారు. సముద్రపు తేళ్ళకీ పొట్ట కింద పలకల చాటున ఇలాంటి మొప్పలే ఉండేవి. కొన్నిటిలో గాలిలో కూడా కాసేపు ఊపిరి తీసుకునే ఏర్పాటు ఉందని 2020లో ఫ్రాన్స్‌లో దొరికిన ఒక శిలాజాన్ని స్కాన్ చేసి చూపించారు. స్కాట్లాండ్‌లో 33 కోట్ల ఏళ్ళ నాటి రాతి మీద ఒకటి ఒళ్ళు ఈడ్చుకుంటూ నేల మీద నడిచిన జాడ ఉంది. 6 మీటర్ల పొడుగు, దాదాపు మీటరు వెడల్పు. ఆ సంగతి 2005లో ప్రకటించారు. చెరువు గట్టు మీద తాబేలు పాకిన చార చూసి ఉంటారు, అలాంటిదే, కాకపోతే చేసినది సుమారు 1.6 మీటర్ల జంతువు.

ఒంటి లెక్క మాత్రం తేలుకీ దానికీ బాగా కలుస్తుంది. తల వెనక 12 కణుపులు, చివర ఒక ముల్లు. మన తేలుకి 7 వెడల్పువి, 5 సన్నవి, ఆ తర్వాత కొండి. ఇంత పోలిక ఉంది కాబట్టే తేళ్ళు వీటి నుంచే వచ్చాయని పూర్వం చాలామంది అనుకున్నారు. కానీ మనకి దొరికిన అతి పాత తేలు శిలాజాలు 43 కోట్ల ఏళ్ళకి పైబడినవి. అప్పటికి సముద్రపు తేళ్ళ కాలం ఇంకా జోరుమీద ఉంది. ఒక తరం దాయాదులు ఒకే వీధిలో కాపురం ఉన్నట్టు ఇద్దరూ ఒకే కాలంలో బతికారు. మూలపురుషుడు ఒకడే, కొంపలు వేరు పడ్డాయి, అంతే. ఆ దాయాదుల్లో సముద్రపు తేలు తేలుకి దగ్గరా, గుర్రపునాడా పీతకి దగ్గరా అన్న దాని మీద మాత్రం శాస్త్రవేత్తల్లో ఇంకా రెండు పక్షాలున్నాయి.

విషం, తోక. మన తేలు తోక పైకి వంచి కొండితో పొడుస్తుంది, కొండి ఉబ్బులో రెండు విషపు తిత్తులు ఉంటాయి. సముద్రపు తేళ్ళలో చాలావాటి తోక చివర బల్లేనికో, చదును రేకుకో దగ్గరగా ఉంటుంది. ఈదేటప్పుడు పడవకి చుక్కాని లాగా పనికొచ్చి ఉండాలి. మిక్సాప్టెరస్ లాంటి కొన్నిటికి మాత్రం తేలు కొండిలా వంపు తిరిగిన ముల్లు ఉంది.  దానికీ విషపు తిత్తి ఉన్నట్టు తేలలేదు.

కళ్ళ విషయంలో మన తేలు బాగా వెనకపడింది. నడినెత్తిన ఒక జత, పక్కల చిన్న చుక్కల్లాంటివి కొన్ని, అవీ వెలుగూ నీడా పసిగట్టడానికే. అది కాళ్ళకి తగిలే కంపనం, పొట్ట కింద ఉండే దువ్వెనల్లాంటి అవయవాల మీద ఆధారపడి తిరుగుతుంది. పెద్ద సముద్రపు తేళ్ళకి పెద్ద సంయుక్త నేత్రాలు, అంటే బుల్లి కళ్ళు ఎన్నో కలిసి ఒక్కటైన కళ్ళు, ఉండేవి. వాటిలో కొన్నిటివి చూసి వెంటాడి పట్టే వేటగాళ్ళ కళ్ళు.

ఇక బాబుకి బాగా నచ్చే సంగతి, సైజు. జర్మనీలో ప్రూమ్ అనే ఊరి దగ్గర క్వారీలో 46 సెంటీమీటర్ల డెక్క ఒకటి దొరికింది. 2007లో ఆ వివరాలు బయటపెట్టారు. దాన్ని బట్టి జంతువు పొడుగు సుమారు రెండున్నర మీటర్లు. పేరు యేకెలాప్టెరస్, వయసు దాదాపు 39 కోట్ల ఏళ్ళు. మీ ఇంటి గుమ్మంలోంచి నిలువుగా తేవాలంటే వంచాల్సిందే. అన్నిటికంటే పాతది పెంటెకాప్టెరస్, అమెరికాలోని అయోవాలో దొరికింది, 46.7 కోట్ల ఏళ్ళది, 2015లో పేరు పెట్టారు. అయితే అన్నీ ఇలా ఉండేవని అనుకోవద్దు. ఇప్పటిదాకా గుర్తించిన 250 దాకా జాతుల్లో చాలావాటి పొడుగు జానెడు లోపే. నేల మీద తేళ్ళలో కూడా ఒకప్పుడు 70 సెంటీమీటర్లది ఉండేది, అదీ స్కాట్లాండ్‌దే. అంతకు మించి నేల మీద పెరగడం కష్టం. నీళ్ళలో ఒంటి బరువు నీరే మోస్తుంది. నేల మీద కాళ్ళే మోయాలి, గుల్ల వదిలిన ప్రతిసారీ ఒళ్ళు మెత్తబడి కొన్ని గంటలు నిలబడలేని స్థితి ఉంటుంది.

గుల్ల వదలడం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, రొయ్యల చెరువు ఉంది కాబట్టి. అమావాస్యకీ పౌర్ణమికీ మోల్టింగ్ అని మేత తగ్గించుకుంటారు, తెల్లారి చెక్‌ట్రేలో పల్చటి గుల్లలు తేలుతుంటాయి. సముద్రపు తేళ్ళ శిలాజాల్లో ఎక్కువ భాగం ఇలా వదిలేసిన గుల్లలే, చచ్చిన శరీరాలు కావు. ఈస్టోనియాలోని సారెమా దీవిలో దొరికినవి ఎంత చక్కగా ఉన్నాయంటే, గెర్హార్డ్ హోమ్ అనే ఆయన 1898లో యాసిడ్‌తో రాయి కరిగించి గుల్లని విడిగా తీసి, వెంట్రుకలు కూడా కనపడేలా అద్దం పలకల మీద అతికించాడు. 40 కోట్ల ఏళ్ళ పైబడిన గుల్ల అది. ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

పేరులో సముద్రం ఉన్నా చాలా జాతులు ఉండింది నదీముఖాల్లో, ఉప్పూ మంచినీళ్ళూ కలిసే చోట, కొన్ని పూర్తిగా మంచినీళ్ళలో. మన లెక్కలో చెప్పాలంటే అంతర్వేది దగ్గర వశిష్ట సముద్రంలో కలిసే చోటు, కోరంగి మడ అడవుల్లో పోటుకీ పాటుకీ నీళ్ళు మారే కాలవలు, అలాంటివి. చివరి వరకూ మిగిలినవి కూడా మంచినీటివే. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లో దొరికింది 25.2 కోట్ల ఏళ్ళది, అంటే భూమి మీద అతిపెద్ద వినాశనం జరిగిన సమయానికి దగ్గరది. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

మరి మన డెల్టాలో దొరుకుతాయా అంటే, దొరకవు. ఆశ పెట్టుకోవద్దని గట్టిగానే చెబుతున్నాను. మనం నిలబడ్డ నేల గోదారి తెచ్చి పోసిన ఒండ్రు. మీ ఊరున్న భాగం ఇంచుమించు గత 6 వేల ఏళ్ళలో సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ ఏర్పడింది. చెరువు తవ్వితే నల్లమట్టి, కింద ఇసుక, మధ్యలో గుల్లల పొర, అంతే. అన్నిటిలోనూ ఇప్పుడు బతికున్న జాతులే. మీ మండపీత కూడా బొరియలో చచ్చి, చుట్టూ మట్టి గట్టిపడి మిగిలింది. రాజమండ్రి దాకా వెళ్తే కాతేరు, పంగిడి క్వారీల్లో నల్లరాతి పొరల మధ్య గవ్వల శిలాజాలు ఉన్నాయి, అవి సుమారు 6.6 కోట్ల ఏళ్ళవి. డైనోసార్లు పోయిన కాలం అది, సముద్రపు తేళ్ళు అప్పటికే పోయి చాలా కాలమైంది. పాపికొండల రాళ్ళు దానికి వ్యతిరేకం, మరీ పాతవి, లోపల ఉడికి మారిపోయినవి, శిలాజం మిగిలే అవకాశమే లేదు. గోదారి పై భాగంలో సింగరేణి బొగ్గు పొరలు మాత్రం సరిగ్గా చివరి సముద్రపు తేళ్ళు బతికున్న పెర్మియన్ కాలం నాటివి. అందులో అప్పటి ఆకుల ముద్రలు దొరుకుతాయి. బాబుకి శిలాజాల మీద ఇష్టం ఉంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్ళండి. ఆదిలాబాద్ వైపు యామనపల్లిలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరం అక్కడ నిలబెట్టి ఉంది.

బాబు పొరపాటు పడ్డాడని చిన్నబుచ్చుకోనివ్వకండి. మొట్టమొదట సముద్రపు తేలు శిలాజం అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో దొరికినప్పుడు, 1818లో శామ్యూల్ మిచిల్ అనే పండితుడు దాన్ని మన వాలుగ కుటుంబానికి చెందిన చేప అనుకున్నాడు. తల దగ్గర కాళ్ళు వాలుగ మీసాల్లా కనపడ్డాయి మరి. ఏడేళ్ళ తర్వాత, 1825లో డికే అనే ఆయన అది చేప కాదని తేల్చి యూరిప్టెరస్ అని పేరు పెట్టాడు. అర్జెంటీనాలో అయితే 1980లో ఒకదాన్ని చరిత్రలోనే అతి పెద్ద సాలీడు అని ప్రకటించారు, 2005లో మళ్ళీ చూస్తే అది సముద్రపు తేలు.

డొక్కల గుట్టలో తేళ్ళన్నారు కాబట్టి ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. మన వైపు పెద్ద నల్ల మండ్రగబ్బ డెక్కలు లావు, తోక సన్నం. అది కుడితే మంట భరించలేం గానీ సాధారణంగా ప్రాణానికి ముప్పు ఉండదు. తేలు మంత్రానికి పేరు వచ్చింది ఇలాంటి కాట్ల వల్లే, మంత్రం వేయకపోయినా తగ్గేవి అవి. చిన్న ఎర్రతేలు అలా కాదు. డెక్కలు సన్నం, తోక లావు. పిల్లల్ని కుడితే గుండె మీద, ఊపిరితిత్తుల మీద పని చేస్తుంది. ఒళ్ళంతా చెమటలు, వాంతులు, కాళ్ళూ చేతులూ చల్లబడటం, ఆయాసం కనిపిస్తే ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మహారాష్ట్రలో మహాడ్ అనే ఊళ్ళో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ మందు వాడి 1980లలో ఎర్రతేలు మరణాలు బాగా తగ్గించి చూపించారు, 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. మందు ఉంది, సమయానికి చేరాలి, అంతే. నల్లదా ఎర్రదా అని రాత్రి చీకట్లో తేల్చుకుంటూ కూర్చోవద్దు. పసిపిల్లలైతే లక్షణాలు లేకపోయినా డాక్టర్‌కి చూపించండి.

తేళ్ళని చంపకుండా చూడాలనుకుంటే యూవీ టార్చి ఒకటి కొని, గంబూట్లు వేసుకుని, మీరే దగ్గరుండి బాబుకి చూపించండి. డొక్కల మీద వెలుగు పడగానే తేలు నీలం కలిసిన ఆకుపచ్చగా మెరుస్తుంది, మట్టి మాత్రం నల్లగానే ఉండిపోతుంది. అప్పుడే గుల్ల వదిలిన తేలు మెరవదు, కొత్త గుల్ల గట్టిపడ్డాకే ఆ మెరుపు వస్తుంది. తల్లి వీపు మీద తెల్ల పిల్లలు కనిపిస్తే అసలు కదపకండి, మొదటి గుల్ల వదిలేదాకా అవి దిగవు.

ఆ మట్టిముద్దని మాత్రం పగలగొట్టకండి. ఒక పూట నీడలో ఆరనిచ్చి, పాత పళ్ళ బ్రష్‌తో పొడిగానే దులపండి, నీళ్ళు పోస్తే మట్టితో పాటు డిప్ప కూడా విచ్చిపోతుంది. అడుగు వైపు తేలాక, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. కడుపు కింద మడత సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. ఏదో బాబునే ముందు చెప్పమనండి, నేను తర్వాత చెప్తాను.